హైవే దిగితే కనిపించే గుళ్లు



హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్సెక్కిన వాళ్లకు సూర్యాపేట తెలియకుండా ఉండదు. పట్నం దాటి నూటముప్పై కిలోమీటర్లు వచ్చాక, రోడ్డు పక్కన హోటళ్ల ముందు బస్సులు బారులు తీరి ఉంటాయి. “టిఫిన్లు చేసేవాళ్లు చేయండి, తొందరగా రావాలె” అని కండక్టర్ కేకేస్తాడు. ఇడ్లీ, చాయ్, బాత్రూం, మళ్లీ బస్సు. ఇంకో గంటలో కోదాడ. అక్కడికి తెలంగాణ సరిహద్దు దగ్గర పడినట్టే. మిర్యాలగూడది వేరే దారి. నార్కట్‌పల్లి దగ్గర తిరిగి నల్లగొండ మీదుగా అద్దంకి వైపు వెళ్లే రోడ్డు మీద, గుంటూరు వెళ్లే రైలు మార్గం మీద ఉంటుందది. ఆ ఊరి పేరు చెబితే రైస్ మిల్లులు గుర్తొస్తాయి, సాగర్ ఎడమ కాలువ కింది వరిపొలాలు గుర్తొస్తాయి.

మనలో చాలామందికి ఈ మూడూ దారిలో వచ్చిపోయే ఊళ్లే. సూర్యాపేటలో తింటాం, కోదాడలో టోల్ గురించి మాట్లాడుకుంటాం, మిర్యాలగూడలో బియ్యం కొంటాం. అక్కడ దిగి రెండు మైళ్లు లోపలికి పోతే ఏముందో చూసే ఓపిక ఉండదు. కానీ ఈ మూడు ఊళ్ల నడుమ, చుట్టూ, కాకతీయుల కాలపు శివాలయాలున్నాయి. కృష్ణ ఒడ్డున నరసింహ క్షేత్రాలున్నాయి. లక్షల మంది తరలివచ్చే గొల్లల జాతర ఉంది. ఈ గుళ్లకు యాత్రికుడిగా వెళ్లేవాడు ఏం చూడాలి, ఎలా మెలగాలి అన్నది ఈ రోజు మన ప్రసంగం. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటే. గుడి ఒక్కటే చూసి వస్తే సగమే చూసినట్టు. ఆ గుడిని నిలబెట్టుకుంటున్న ఊరిని కూడా చూడాలి.

యాత్ర ఎలా చేయాలో మనకు ముందే చూపించిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. ఆ ప్రయాణాన్ని ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆయన మన సూర్యాపేట దారిన రాలేదు. అయినా ఆయన చూపు మనకు పనికొస్తుంది. దేవుణ్ణి ఎంత భక్తిగా చూశారో, దారినీ, బసనూ, అంగళ్లనూ, నీళ్ల వసతినీ, గుళ్లో జరిగే ఆచారాలనూ అంతే శ్రద్ధగా చూశారు. దేవుడి దగ్గర చేతులు జోడించడం, ఊళ్లో కళ్లు తెరిచి తిరగడం రెండూ ఒకే యాత్రలో భాగమని ఆయన నమ్మారు. మనమూ అలాగే వెళదాం.

మొదట పిల్లలమర్రి. సూర్యాపేట పొలిమేర దాటగానే, హైవే నుంచి పక్కకు తిరిగితే ఆటోలో కాసేపటి దారి. చెరువు, పొలాలు, పెంకుటిళ్లు, కొత్త డాబాలు, వాటి మధ్యలో రాతి గుళ్లు. కాకతీయులకు సామంతులుగా ఉన్న రేచర్ల రెడ్లు ఈ ఊరిని ఏలారు. నామేశ్వరాలయం, ఎరకేశ్వరాలయం, ముక్కంటేశ్వరాలయం, ఈ మూడూ శివుడివి. చెన్నకేశవస్వామి గుడి కూడా ఉంది. ఒకే ఊళ్లో హరికీ హరుడికీ ఇన్ని గుళ్లు కట్టారంటే అప్పట్లో ఇది ఎంత కలిగిన ఊరో ఊహించుకోవచ్చు.

ఎరకేశ్వరాలయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. దీన్ని 1208లో కట్టించింది ఒక స్త్రీ. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. గుడి కట్టించినవాళ్ల పేరే లోపలి శివుడికి పెట్టడం ఆనాటి ఆనవాయితీ. రేచర్ల నామిరెడ్డి కట్టించిన గుళ్లో శివుడు నామేశ్వరుడయ్యాడు, ఎరకసానమ్మ కట్టించిన గుళ్లో ఎరకేశ్వరుడయ్యాడు. కాకతీయుల కాలంలో ఆడవాళ్ల పేరెత్తితే మనకు వెంటనే రుద్రమదేవి గుర్తుకొస్తుంది. రుద్రమ సింహాసనం ఎక్కడానికి యాభై ఏళ్లకు పైగా ముందే, ఇక్కడ ఒక సామంతుడి ఇల్లాలు సొంతంగా ఆలయం ఎత్తించి, శాసనం వేయించి, దేవుడికే తన పేరు పెట్టుకుంది. ఎనిమిది వందల ఏళ్లుగా ఊరి జనం శివుణ్ణి పిలిచిన ప్రతిసారీ ఆమె పేరు కూడా పలుకుతున్నారు. రాజుల సొమ్ము రాళ్లపాలు అని మన సామెత. ఎరకసానమ్మ సొమ్ము రాళ్లపాలయింది కాబట్టే ఆమె పేరు మనదాకా వచ్చింది.

ఇంకో సంగతి. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ వార్త విని మనమంతా సంబరపడ్డాం. రామప్పను కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడు. అక్కడి శాసనం 1213 నాటిది. అంటే పిల్లలమర్రి ఎరకేశ్వరం అంతకు ఐదేళ్లు పెద్దది. వంశమూ రేచర్లదే. గణపతిదేవుడు ఓరుగల్లులో ఏలుతున్న ఆ రోజుల్లో సామంతులూ సేనానులూ పోటీ పడి గుళ్లు కట్టారు, చెరువులు తవ్వించారు. ఊరికి చెరువు, చెరువు కింద పొలం, పొలం ఆదాయంతో గుళ్లో దీపం. ఇదీ కాకతీయుల నాటి లెక్క. పిల్లలమర్రిలో గుళ్లు చూశాక చెరువు కట్ట మీదికి కూడా నడిచి రండి. గుడి శాసనం చదవడం రాకపోయినా ఆ లెక్క మాత్రం అర్థమవుతుంది.

ఈ గుళ్లలో ఏం చూడాలి? ముందు అరుగు చూడండి. ఎరకేశ్వరాలయం ఎత్తయిన పీఠం మీద ఉంటుంది. లోపలికి వెళ్తే నల్లరాతి స్తంభాలు. రాతిని చిత్రిక పట్టినట్టు నున్నగా చేశారు. దీపం వెలుగు పడితే మెరుస్తాయి. వాటి మీద పూసల వరుసల్లాంటి సన్నని చెక్కడం. నామేశ్వరాలయంలో ఒక స్తంభాన్ని తడితే సంగీతం పలుకుతుందని ఊరివాళ్లు చెబుతారు, తట్టి చూపిస్తారు కూడా. వినండి గానీ, మీరు మాత్రం రాయి పుచ్చుకుని కొట్టకండి. వచ్చిన ప్రతివాడూ ఒక దెబ్బ కొడితే ఎనిమిది వందల ఏళ్ల రాయి అయినా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? పైకప్పు దూలాల మీద ఆనాటి రంగుల బొమ్మల ఆనవాళ్లు ఉన్నాయి. కాకతీయుల కాలపు చిత్రలేఖనం మనకు మిగిలింది చాలా కొద్ది. అందుకే తల పైకెత్తి ఓపిగ్గా చూడాలి. ఫోన్ లైటు వేసి, ఫ్లాష్ కొట్టి ఫొటోలు తీయడం మానుకోవాలి.

‘శృంగార శాకుంతలం’, ‘జైమిని భారతం’ రాసిన పదిహేనో శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు తమ ఊరివాడేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇంటిపేరు సాక్ష్యం వాళ్లకుంది. చెట్టు కింద అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని అడిగి చూడండి. గైడు పుస్తకంలో దొరకనంత వివరంగా చెబుతాడు. అందులో చరిత్ర ఎంత, అభిమానం ఎంత అని అక్కడికక్కడే తేల్చే పని యాత్రికుడిది కాదు. విన్నదాన్ని విన్నట్టు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇదే సూర్యాపేట జిల్లాలో పెన్‌పహాడ్ మండలం నాగులపాడులోనూ కాకతీయుల నాటి శివాలయాలున్నాయి. ఇదే జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు బయటపడ్డాయి. ఫణిగిరి శిల్పాలను 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. అంటే ఈ నేల మీద గుడికి ముందే బౌద్ధుల ఆరామం ఉంది, యాత్రికులూ ఉన్నారు. మన హైవే కంటే ఈ దారులు చాలా పాతవి.

ఇక మిర్యాలగూడ వైపు పోదాం. అక్కడి నుంచి దామరచర్ల మీదుగా దక్షిణానికి వెళితే కృష్ణానది వస్తుంది. ఒడ్డున వాడపల్లి. వంతెన దాటితే పొందుగల, అంటే ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు. రెండు రాష్ట్రాల మధ్య నిలబడ్డ ఈ ఊళ్లో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడిబొడ్డు మీదుగా పారి, మన నగరం వదిలిన మురికినంతా మోసుకుంటూ వచ్చే మూసీ ఇదే. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని వంతెన దాటేవాళ్లం, వాడపల్లిలో అదే నీటికి దండం పెట్టి తల మీద చల్లుకుంటాం. ఆ సంగమం దగ్గర నిలబడితే, పైన మనం నదికి చేస్తున్నదేమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

వాడపల్లిలో రెండు గుళ్లు. ఒకటి మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామిది, ఒకటి లక్ష్మీనరసింహస్వామిది. అగస్త్య మహాముని ప్రతిష్ఠ అని స్థలపురాణం. శివలింగం పైభాగాన చిన్న గుంట ఉంది. అందులో ఎప్పుడూ నీళ్లుంటాయి. దీని వెనక ఒక కథ చెబుతారు. బోయవాడు ఒక పక్షిని తరుముకొస్తే అది వచ్చి శివుణ్ణి శరణు కోరిందట. పక్షిని ఇవ్వనన్న శివుడు, ఆకలితో ఉన్న బోయవాణ్ణి కూడా ఉత్త చేతులతో పంపలేక, తన తలలోంచే మాంసం తీసుకొమ్మన్నాడట. ఆ గాయాన్ని కడగడానికి గంగ వచ్చి అక్కడే ఉండిపోయిందట. కథలో న్యాయం చూడండి. శరణన్న పక్షికి ప్రాణం దక్కింది, వేటే బతుకైన బోయవాడి కడుపూ నిండింది. ఇద్దరి తగువు తీర్చడానికి దేవుడు తన ఒంటినే ఇచ్చాడు. ఊళ్లో పంచాయతీ చెప్పే పెద్దమనుషులు వినవలసిన కథ ఇది.

నరసింహస్వామి గుళ్లో రెండు దీపాలు చూపిస్తారు. స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం రెపరెపలాడుతూ ఉంటుంది. కింద ఉన్న దీపం నిశ్చలంగా వెలుగుతుంది. పైదానికి స్వామి ఊపిరి తగులుతోందని భక్తుల నమ్మకం. కొత్తగా వెళ్లినవాడికి ఇక్కడ రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, గాలి ఎటునుంచి వస్తోందా అని వెతకడం. రెండోది, అందరితోపాటు కళ్లు మూసుకుని దండం పెట్టడం. వెతకాలనిపిస్తే మనసులో వెతుక్కోండి. పూజారితో వాదన పెట్టుకోవడం, పక్కనున్న ముసలమ్మ నమ్మకాన్ని నవ్వులాట చేయడం మాత్రం అతిథి మర్యాద అనిపించుకోదు. మన ఇంటికి వచ్చినవాడు మన తాత ఫొటో చూసి ఎగతాళి చేస్తే మనకెలా ఉంటుంది?

కృష్ణ ఒడ్డున పంచ నారసింహ క్షేత్రాలని ఒక వరుస చెబుతారు. వాడపల్లి, మట్టపల్లి, కేతవరం, వేదాద్రి, మంగళగిరి. వీటిలో వాడపల్లి, మట్టపల్లి మన ప్రాంతంలోవే. మట్టపల్లి హుజూర్‌నగర్ వైపు నది ఒడ్డున ఉంది. కోదాడ నుంచీ, మిర్యాలగూడ నుంచీ వెళ్లొచ్చు. గర్భగుడి కొండగుహ. స్వామి అక్కడ స్వయంగా వెలిశాడని నమ్మిక. మొక్కుకున్నవాళ్లు కృష్ణలో మునిగి, తడిబట్టలతోనే గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. పూటకు ముప్పైరెండు చొప్పున, పదకొండు రోజులు దీక్ష పట్టి ఊళ్లోనే ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. ఒంట్లో బాగాలేనివాళ్లు, మనసు బాగాలేనివాళ్లు, పిల్లల కోసం మొక్కుకున్నవాళ్లు అక్కడ కనిపిస్తారు. కెమెరా పట్టుకు తిరిగేవాడు ఒక్క క్షణం ఆలోచించాల్సిన చోటు అది. తడిబట్టలతో, కన్నీళ్లతో తిరుగుతున్న మనిషి మన ఆల్బంలో బొమ్మ కారాదు.

మట్టపల్లి దగ్గర నది ఇప్పుడు నదిలా ఉండదు. కిందున్న పులిచింతల ప్రాజెక్టు 45.77 టీఎంసీల జలాశయం. దాని నీళ్లు వెనక్కి తన్ని నిలుస్తాయి. కృష్ణ ఒడ్డు ఊళ్లు కొన్ని ముంపులో పోయాయి, ఆ జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. మట్టపల్లి గుడిని మాత్రం కరకట్ట కట్టి కాపాడారు. గుడికి అడ్డుకట్ట వేయగలిగాం, ఇళ్లకు వేయలేకపోయాం. దర్శనం అయ్యాక కట్ట మీద నిలబడి నీళ్లను చూసేటప్పుడు, కింద ఒకప్పుడు పొలాలూ ఇళ్లూ ఉన్నాయని గుర్తు చేసుకోండి. స్నానానికి దిగేవాళ్లకు ఇంకో మాట. ఈ నీటిమట్టం ఎగువనుంచి వదిలే నీళ్లను బట్టి మారుతూ ఉంటుంది. ఘాట్ దాటి లోతుకు పోవద్దు. ఈత వచ్చినా పోవద్దు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు వాడపల్లి, మట్టపల్లి రెండూ జనంతో నిండిపోయాయి. పన్నెండేళ్లకు, 2028లో, మళ్లీ నిండుతాయి. తీరుబడిగా చూడాలనుకునేవాళ్లు అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లడం మంచిది.

కోదాడకు దక్షిణాన మేళ్లచెరువు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. వాటి నడుమ స్వయంభూ శంభులింగేశ్వరుడు. దక్షిణ కాశీ అంటారు. లింగం ఏటేటా పెరుగుతోందని, దాని పైనున్న గుంటలో నీరు ఎన్నడూ ఇంకదని నమ్మకం. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉండే ఈ ఊరు మహాశివరాత్రికి మారిపోతుంది. జాతర, ప్రభలు, దుకాణాలు, రాత్రంతా జాగారం. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూడటానికి కృష్ణకు ఆవలి ఒడ్డు నుంచి కూడా రైతులు వస్తారు. శివుడి వాహనం ఎద్దే కదా, గుళ్లో నందికి దండం పెట్టి, బయట కోడెకు ఈలలు వేస్తారు. భక్తీ వినోదమూ అక్కడ ఒకదాన్నొకటి తప్పుపట్టుకోవు.

వాడపల్లి, మట్టపల్లి తిరిగేవాళ్లు దారిలో పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాను దాటిపోకూడదు. గుళ్ల గురించి చెబుతూ దర్గా ఎందుకంటారేమో. అక్కడికి వెళితే మీకే తెలుస్తుంది. ఏటా జనవరిలో ఉర్సు జరిగితే వచ్చేవాళ్లలో హిందువులకు లెక్కలేదు. కందూరు చేసి, బంధువులను పిలిచి, అక్కడే వండుకుని తింటారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పల్లెల్లో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లు ఎన్ని వినబడతాయో! ఆ పేర్లు చాలావరకు ఈ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలవే. సోమవారం అగస్త్యేశ్వరుడికి, శనివారం నరసింహస్వామికి, శుక్రవారం జాన్‌పహాడ్ సైదులకు మొక్కడంలో ఇక్కడి రైతుకు ఏ చిక్కూ కనబడలేదు. బయటినుంచి వచ్చిన మనం చిక్కులు వెతకనక్కర్లేదు.

ఇక పెద్దగట్టు. ఇంతసేపూ చెప్పినవి రాజులూ రుషులూ ఉన్న కథలు. ఇది గొర్రెలు కాసుకునే గొల్లల దేవుడి కథ. సూర్యాపేట దగ్గర, హైవే అంచునే దురాజ్‌పల్లి గుట్ట. దాని మీద లింగమంతుల స్వామి, ఆయన సోదరి చౌడమ్మ. రెండేళ్లకొకసారి మాఘమాసంలో ఆదివారం మొదలై ఐదు రోజులు జాతర. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదే అంటారు. కిందటిది 2025 ఫిబ్రవరిలో జరిగింది. కేసారం గ్రామం నుంచి దేవరపెట్టెను మోసుకొస్తారు. దేవతల విగ్రహాలు అందులోనే ఉంటాయి. గజ్జెల లాగులు తొడుక్కున్న యువకులు, భేరీల మోత, నెత్తిన గంపలతో గుడి చుట్టూ తిరిగే ఆడవాళ్లు, “ఓ లింగా, ఓ లింగా” అన్న కేకలు. లింగమంతులకు నైవేద్యం, చౌడమ్మకు మేకపోతు. ఆమె పంక్తి వేరు, ఆయన పంక్తి వేరు. ఇద్దరూ ఒకే గట్టు మీద ఉంటారు.

ఈ ఐదు రోజులూ హైవేలో వెళ్లే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే నల్లగొండ, మిర్యాలగూడ వైపు మళ్లిస్తారు. కోదాడ దగ్గర మళ్లీ హైవేలో కలుపుతారు. కార్లలో వెళ్లేవాళ్లు విసుక్కుంటారు. నాకైతే ఇది న్యాయంగానే తోస్తుంది. మిగతా రోజులన్నీ దేవుడి పక్కనుంచి చూడకుండా దూసుకుపోయే రోడ్డు, రెండేళ్లలో ఐదు రోజులు దేవుడికి దారి వదిలితే తప్పేముంది? జాతరకు వెళ్లాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ మీకు ప్రత్యేక దర్శనం, కుర్చీ, నీడ ఉండవు. కుటుంబాలతో బండ్లు కట్టుకుని వచ్చి, గుట్ట చుట్టూ గుడారాలేసుకుని, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుంటున్న జనం ఉంటారు. పలకరిస్తే కూర్చోమంటారు. కూర్చుంటే తినమంటారు. యాత్రికుడికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు గుళ్లో మెలగవలసిన పద్ధతి గురించి కాస్త వివరంగా చెబుతాను. మన పిల్లలు పట్నంలో పెరుగుతున్నారు, కొందరు అమెరికాలో పెరిగి సెలవులకు వస్తున్నారు. వాళ్లకు ఇవి చెప్పేవాళ్లు లేరు. విదేశీ మిత్రులను వెంట తీసుకెళ్లేవాళ్లూ ఉంటారు.

మొదటిది వేళ. పల్లెటూరి గుడి మధ్యాహ్నం మూసేస్తారు. పూజారి పొద్దున వచ్చి అభిషేకం, నైవేద్యం ముగించి ఇంటికి పోతాడు, మళ్లీ సాయంత్రమే. హైదరాబాద్‌లో పొద్దెక్కి బయలుదేరి, దారిలో తిని, ఒంటిగంటకు గుడి ముందు దిగి తలుపు తట్టేవాళ్లను చాలామందిని చూశాను. తెల్లవారుజామున బయలుదేరండి, లేదా సాయంత్రానికి చేరేట్టు వెళ్లండి. పూజారి ఇల్లు ఊళ్లో ఎవరిని అడిగినా చూపిస్తారు. కానీ అన్నం తింటున్న మనిషిని లేపి తాళం తీయించడం మర్యాద కాదు.

రెండోది ప్రదక్షిణ. చెప్పులు ప్రాకారం బయట వదలాలి. ధ్వజస్తంభానికి మొక్కి, దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరగాలి. శివాలయంలో అభిషేకం నీళ్లు బయటికి వచ్చే సోమసూత్రాన్ని దాటకుండా వెనక్కి మళ్లడం ఒక ఆచారం. ఎవరైనా అక్కడ ఆగి వెనక్కి తిరిగితే తోవ తప్పారనుకోకండి. నంది కొమ్ముల మధ్యనుంచి శివుణ్ణి చూసి, తర్వాత లోపలికి వెళ్లాలి.

మూడోది అర్చన. పూజారి పేరు, గోత్రం అడుగుతాడు. గోత్రం తెలియకపోతే బిక్కమొగం వేయనక్కర్లేదు. తెలియదని చెప్పండి, ఆయనే ఒక గోత్రం చెప్పి సంకల్పం చేస్తాడు. తీర్థం కుడిచేతిని దొన్నెలా చేసి పట్టాలి. విష్ణువు గుళ్లో శఠగోపం పెడతారు, తల వంచండి. శివుడి గుళ్లో విభూతి ఇస్తారు. దర్శనం అయ్యాక వెంటనే చెప్పుల దగ్గరికి పరిగెత్తకుండా మండపంలో కాసేపు కూర్చోవాలి. నిజానికి గుడి అప్పుడే కనిపిస్తుంది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, గంట కొట్టడానికి అందక ఎగిరే పిల్లలు, పూలమ్మే అమ్మాయి, స్తంభానికి ఆనుకుని కునుకు తీసే తాత. శిల్పం మీద ఎక్కి కూర్చోవడం, గోడ మీద పేరు చెక్కడం, కుంకుమ పసుపులతో పాత శాసనాలను పూసేయడం, ఇవి మాత్రం చేయకండి. ఎరకసానమ్మ పేరు రాతి మీద ఉందంటే ఆమె గుడి కట్టించింది. మనం ఏం కట్టించామని మన పేరు రాస్తాం?

నాలుగోది దక్షిణ. ఇక్కడే నా అసలు మాట. పెద్ద గుళ్ల హుండీలు కోట్లు లెక్కపెడతాయి. పల్లె గుడికి రాజులిచ్చిన మాన్యాలు ఎప్పుడో చేజారాయి. అందుకే తెలంగాణలో ధూపదీప నైవేద్యం పథకం కింద చిన్న గుళ్లకు ప్రభుత్వం నెలనెలా కొంత సొమ్ము ఇస్తోంది. దాన్ని 6,000 రూపాయల నుంచి 10,000 చేస్తున్నట్టు 2023లో ప్రకటించారు. ఆ సొమ్ములోనే నూనె, ఒత్తి, బియ్యం, పూజారి బతుకు. మనం రాతిని చూసి అబ్బా అంటాం. ఆ రాతి ముందు రోజూ దీపం పెట్టే మనిషి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో అడగం. పళ్లెంలో వేసే నోటు కాస్త పెద్దదిగా ఉండనివ్వండి. కొబ్బరికాయ, పూలు ఊళ్లోనే కొనండి. చాయ్ అక్కడే తాగండి.

ఇంకో మాట చెప్పకుండా ముగిస్తే ఈ ప్రసంగం నిజాయితీగా ఉండదు. కారు దిగిన కొత్తవాణ్ణి ఏ గుళ్లోనూ కులం అడిగి ఆపరు. అదే ఊళ్లో పుట్టి, ఆ గుడికి రాళ్లు మోసినవాళ్ల వారసులను గడప బయటే నిలబెట్టిన కాలం మరీ పాతది కాదు. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని నిషేధించింది. చట్టం వచ్చింది గానీ, గడప దాటే ధైర్యం ప్రతి ఊళ్లోనూ ఒకేసారి రాలేదు. వెట్టికి ఎదురు తిరిగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా గట్టి కేంద్రం. ఇక్కడి గుళ్లను చూస్తూ ఇక్కడి మనుషుల చరిత్ర మరిచిపోతే చూపు సగంలోనే ఆగిపోతుంది. ఈ గుడికి అందరూ వస్తారా అని ఊళ్లో అడగండి. అడిగే హక్కు భక్తుడికి ఉంది, యాత్రికుడికీ ఉంది.

చివరగా ఒక ప్రార్థన. ఈసారి విజయవాడకో, గుంటూరుకో వెళ్లేటప్పుడు ఒక్క పూట ముందుగా ఇల్లు కదలండి. పొద్దున వెళితే పిల్లలమర్రి, సాయంత్రం వెళితే వాడపల్లి, ఏదో ఒకటి ఎంచుకోండి. అన్నీ ఒక్క రోజులో చుట్టేయాలని చూడకండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి. పూజారితో, చెరువు కట్ట మీది రైతుతో, పూలమ్మే ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడించండి. పదిమంది వచ్చి చూస్తున్నారని తెలిసిన గుడిని ఊరు ఇంకాస్త శ్రద్ధగా చూసుకుంటుంది, ప్రభుత్వమూ చూడక తప్పదు. ఎవరూ రాని గుడికి తాళం తప్ప ఏమీ మిగలదు.